“ఇన్ ద బ్లూ శారీ” ఏ ఫ్రేజ్? నౌన్ ఫ్రేజ్, ప్రిపొజిషనల్ ఫ్రేజ్ విడదీసే పద్ధతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. డీఎస్సీకి చదువుతున్నారు. “ద గర్ల్ ఇన్ ద బ్లూ శారీ ఈజ్ మై సిస్టర్” అనే వాక్యంలో “ఇన్ ద బ్లూ శారీ”ని ఒక గైడు అడ్జెక్టివ్ ఫ్రేజ్ అంది. ఒక వీడియో పాఠంలో ప్రిపొజిషనల్ ఫ్రేజ్ అన్నారు. మాక్ టెస్టు కీలో “ద గర్ల్ ఇన్ ద బ్లూ శారీ” మొత్తాన్నీ కలిపి నౌన్ ఫ్రేజ్ అని ఇచ్చారు. ఏది రైటు, వాక్యం ఎదురైతే ఎలా విడదీయాలి అన్నది మొదటి సందేహం. “వన్ ఆఫ్ ద బాయ్స్ ఫ్రమ్ అవర్ స్కూల్ హ్యాజ్ రిసీవ్డ్ ఎ ప్రైజ్”లో హ్యావ్ కాకుండా హ్యాజ్ ఎందుకొచ్చింది అన్నది రెండోది.

మూడూ రైటే. “ఇన్ ద బ్లూ శారీ” ఆకారం చూస్తే ప్రిపొజిషనల్ ఫ్రేజ్, ఎందుకంటే అది “ఇన్” అనే ప్రిపొజిషన్‌తో మొదలైంది. చేసే పని చూస్తే అడ్జెక్టివ్ ఫ్రేజ్, ఎందుకంటే ఏ అమ్మాయో చెబుతోంది. “ద గర్ల్”తో కలిసినప్పుడు ఆ పెద్ద నౌన్ ఫ్రేజ్‌లో అదొక భాగం. ఒకాయన పేరు సుబ్బారావు, ఉద్యోగం కండక్టరు. ఆయన సుబ్బారావా, కండక్టరా అని అడిగితే ఏం చెబుతాం?

తికమక ఎక్కడ మొదలైందో కూడా తెలిస్తే మంచిది. మన హైస్కూళ్ళలో తరతరాలుగా చెబుతున్న గ్రామర్ ఫ్రేజ్‌కి అది చేసే పనిని బట్టి పేరు పెడుతుంది. నామవాచకం పని చేస్తే నౌన్ ఫ్రేజ్, విశేషణం పని చేస్తే అడ్జెక్టివ్ ఫ్రేజ్, క్రియా విశేషణం పని చేస్తే అడ్వర్బ్ ఫ్రేజ్. ఆ లెక్కలో “టు విన్ ఎ ప్రైజ్ ఈజ్ హిజ్ డ్రీమ్”లోని “టు విన్ ఎ ప్రైజ్” కూడా నౌన్ ఫ్రేజే. కొత్త పద్ధతి లోపల తలకాయగా ఉన్న మాటను బట్టి పేరు పెడుతుంది. తల నౌన్ అయితే నౌన్ ఫ్రేజ్, ప్రిపొజిషన్ అయితే ప్రిపొజిషనల్ ఫ్రేజ్. ఈ లెక్కలో “టు విన్ ఎ ప్రైజ్” నౌన్ ఫ్రేజ్ కాదు, ఇన్ఫినిటివ్, అంటే “టు” తర్వాత క్రియ మూలరూపం వచ్చే నిర్మాణం. దాని లోపలున్న “ఎ ప్రైజ్” ఒక్కటే నౌన్ ఫ్రేజ్.

పరీక్షలో ఏ లెక్క వాడాలో ఆప్షన్లే చెబుతాయి. ఆప్షన్లలో అడ్జెక్టివ్ ఫ్రేజ్, అడ్వర్బ్ ఫ్రేజ్, నౌన్ క్లాజ్ లాంటివి ఉంటే పని అడుగుతున్నారు. ప్రిపొజిషనల్ ఫ్రేజ్, వెర్బ్ ఫ్రేజ్ ఉంటే ఆకారం అడుగుతున్నారు. రెండు రకాలనూ కలిపేసి ఇచ్చే ప్రశ్నలు కూడా ఉంటాయి, అది పేపరు సెట్ చేసినవాళ్ళ తప్పు. అలాంటి చోట ప్రశ్న వాక్యంలో “ఫంక్షన్” అనే మాట ఉందో లేదో చూడండి, ఉంటే పనే అడుగుతున్నారు.

ఇక విడదీసే పద్ధతి. ఉదాహరణలన్నీ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. నోట్సులో ఇంగ్లీషులో రాసుకుని, పెన్సిలుతో గీతలు గీస్తూ చదివితేనే పట్టుబడుతుంది.

ముందు క్రియ పట్టుకోండి. కాలాన్ని చూపించే క్రియ: ఈజ్, వాజ్, హ్యాజ్, సోల్డ్, గోస్ లాంటిది. దాని ముందు ఒక నిలువు గీత గీయండి. మామూలు వాక్యంలో ఆ గీతకు ఎడమవైపు ఉన్నది సబ్జెక్ట్. అది ఎంత పొడుగున్నా సాధారణంగా ఒకే నౌన్ ఫ్రేజ్. దాని స్థానంలో హి, షి, ఇట్, దే ఏదో ఒకటి పెట్టి చూడండి. “షి ఈజ్ మై సిస్టర్” సరిపోయింది. “షి ఇన్ ద బ్లూ శారీ ఈజ్ మై సిస్టర్” అని మామూలు ఇంగ్లీషులో ఎవరూ అనరు. అంటే “షి” అనే మాట “గర్ల్”కి బదులు రాలేదు, “ద గర్ల్ ఇన్ ద బ్లూ శారీ” మొత్తానికి బదులు వచ్చింది. ప్రోనౌన్ ఎంత మేరను మింగేస్తుందో అంత మేరా నౌన్ ఫ్రేజ్. ఇక్కడ చెప్పే కిటుకుల్లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే పెట్టుకోండి.

తర్వాత ప్రిపొజిషన్ల కింద గీత గీయండి. ఇన్, ఆన్, అట్, ఆఫ్, ఫ్రమ్, విత్, బై, ఫర్, టు, అండర్, డ్యూరింగ్, బిట్వీన్... కనబడిన ప్రతిదీ. ఒక్కోదాని దగ్గర ఆగి “దేంట్లో? దేని మీద? ఎవరితో?” అని అడుగుతూ ముందుకు వెళ్ళండి. జవాబుగా నౌన్ ఫ్రేజ్ పూర్తయ్యే చోట ప్రిపొజిషనల్ ఫ్రేజ్ కూడా పూర్తవుతుంది. ప్రిపొజిషన్‌ని వేలితో మూసేస్తే మిగిలేది నౌన్ ఫ్రేజ్ కావాలి: “ఇన్ ద బ్లూ శారీ”లో “ఇన్” మూస్తే “ద బ్లూ శారీ”. ప్రిపొజిషన్ తర్వాత జెరండ్, అంటే “-ఇంగ్” చేరి నౌన్ పని చేసే క్రియ, కూడా రావచ్చు: “బై సెల్లింగ్ ద ల్యాండ్”.

ఇక్కడ చాలామంది మొదటి నౌన్ కనబడగానే ఆగిపోతారు. “నియర్ ద కాలేజ్ బస్ షెల్టర్” అంటే “నియర్ ద కాలేజ్” దగ్గర గీత ఆపేస్తారు. కాలేజ్, బస్, షెల్టర్ మూడూ నౌన్లే. వరసగా నౌన్లు వస్తే చివరిదే తల, ముందువి దానికి విశేషణాల్లా పనిచేస్తాయి. మన “కాలేజీ బస్సు షెల్టరు” కూడా అంతే కదా.

ఇప్పుడు ఒక పూర్తి వాక్యం విప్పి చూద్దాం.

“ది ఓల్డ్ మ్యాన్ ఫ్రమ్ ద నెక్స్ట్ విలేజ్ సోల్డ్ హిజ్ బఫెలో టు ఎ ట్రేడర్ అట్ ద వీక్లీ మార్కెట్ బిఫోర్ సన్‌సెట్.”

క్రియ “సోల్డ్”. ఎడమవైపు “ది ఓల్డ్ మ్యాన్ ఫ్రమ్ ద నెక్స్ట్ విలేజ్”, మొత్తానికి బదులు “హి” సరిపోతుంది కాబట్టి ఒకే నౌన్ ఫ్రేజ్. దాని కడుపులో “ఫ్రమ్ ద నెక్స్ట్ విలేజ్” అనే ప్రిపొజిషనల్ ఫ్రేజ్, దాని కడుపులో “ద నెక్స్ట్ విలేజ్” అనే ఇంకో నౌన్ ఫ్రేజ్. క్రియ తర్వాత “హిజ్ బఫెలో” నౌన్ ఫ్రేజ్. “టు ఎ ట్రేడర్”, “అట్ ద వీక్లీ మార్కెట్”, “బిఫోర్ సన్‌సెట్” ప్రిపొజిషనల్ ఫ్రేజులు, వాటి లోపల ఒక్కో నౌన్ ఫ్రేజ్. మొత్తం 6 నౌన్ ఫ్రేజులు, 4 ప్రిపొజిషనల్ ఫ్రేజులు. “సన్‌సెట్” ముందు ఆర్టికల్ లేదు కాబట్టి అది ఫ్రేజ్ కాదేమో అని కొందరు లెక్కలోంచి తీసేస్తారు. కొత్త పద్ధతిలో ఒక్క మాట కూడా నౌన్ ఫ్రేజ్ కాగలదు, ప్రోనౌన్ కూడా. పాత పద్ధతిలో ఫ్రేజ్ అంటే కనీసం 2 మాటలుండాలి, అప్పుడు నౌన్ ఫ్రేజుల లెక్క 5కి దిగుతుంది.

ఇప్పుడు అసలు కష్టం. “అట్ ద వీక్లీ మార్కెట్” ఎవరికి అతుకుతుంది? సంతలో అమ్మాడా, సంతలో ఉండే వ్యాపారికి అమ్మాడా? ఆకారం అడిగితే ఈ గొడవ పెద్దగా లేదు. అడ్జెక్టివా అడ్వర్బా అని అడిగితే దీని మీదే మార్కు ఆధారపడుతుంది.

ఇక్కడ తెలుగు మనకు పెద్ద సాయం. ఇంగ్లీషులో “ఇన్ హైదరాబాద్” నౌన్‌కి అతికినా, క్రియకి అతికినా అక్షరం మారదు. తెలుగులో మారుతుంది. పేపర్లో “హైదరాబాద్‌లోని ఒక కాలేజీ” అని రాస్తారు, “హైదరాబాద్‌లో చదివాడు” అని రాస్తారు. “లోని” నౌన్‌కి, “లో” క్రియకి. అలాగే “టేబుల్ మీది పుస్తకం”, “టేబుల్ మీద పెట్టాడు”. మాట్లాడేటప్పుడు “మీది” బదులు “మీదున్న” అంటాం. “ఎ లెటర్ ఫ్రమ్ మై బ్రదర్” అంటే “తమ్ముడి దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరం”. ఇంగ్లీషులో లేని “వచ్చిన” మనం ఎందుకు చేర్చాం? విభక్తి తగిలిన మాటను నామవాచకానికి నేరుగా తగిలించడం తెలుగులో సాధారణంగా కుదరక. “లోని, మీది” లాంటి రూపం లేని చోట మధ్యలో ఒక క్రియాజన్య విశేషణం కావాలి: ఉన్న, వచ్చిన, చేసిన, కట్టుకున్న. మీ వాక్యమే చూడండి, “నీలం చీరలో అమ్మాయి” కంటే “నీలం చీర కట్టుకున్న అమ్మాయి” అనడమే మనకు సహజం.

కాబట్టి ఇంగ్లీషు ఫ్రేజ్‌ని తెలుగులోకి తిప్పండి. “లోని, మీది, ఉన్న, వచ్చిన” లాంటిది అవసరమైతే అది నౌన్‌కి అతికింది, అడ్జెక్టివ్ ఫ్రేజ్. ఉత్త “లో, మీద, నుంచి, తో”తో నేరుగా క్రియ దగ్గరికి వెళ్ళిపోతే అడ్వర్బ్ ఫ్రేజ్. సంత వాక్యంలో “సంతలోని వ్యాపారికి” అన్నా కుదురుతుంది, “సంతలో అమ్మాడు” అన్నా కుదురుతుంది. అంటే ఇంగ్లీషు వాక్యానికి నిజంగానే 2 అర్థాలున్నాయి. అలాంటప్పుడు మనకున్న గందరగోళం మన తప్పు కాదు.

ఇంకా దగ్గరగా చూడ్డానికి ఒక చిన్న వాక్యం: “షి కట్ ద మ్యాంగో ఆన్ ద టేబుల్.” టేబుల్ మీదున్న మామిడిపండు కోసిందా, మామిడిపండుని టేబుల్ మీద పెట్టి కోసిందా? మొదటి అర్థంలో “ద మ్యాంగో ఆన్ ద టేబుల్” మొత్తం ఒక నౌన్ ఫ్రేజ్. ప్రోనౌన్ పెడితే “షి కట్ ఇట్”తో వాక్యం అయిపోతుంది. పాసివ్ చేస్తే “ద మ్యాంగో ఆన్ ద టేబుల్ వాజ్ కట్”, ముక్క మొత్తం కలిసి ముందుకు జరిగింది. రెండో అర్థంలో “ద మ్యాంగో” ఒక్కటే నౌన్ ఫ్రేజ్. “షి కట్ ఇట్ ఆన్ ద టేబుల్”, “ద మ్యాంగో వాజ్ కట్ ఆన్ ద టేబుల్”. పండు జరిగినా టేబుల్ ఉన్నచోటే ఉండిపోయింది.

ఈ పాసివ్ పరీక్ష తెలుగు పరీక్షకు సాక్ష్యం లాంటిది. రెండూ ఒకే జవాబిస్తే ధైర్యంగా టిక్ పెట్టండి. ఒక జంట మీరే చేసి చూడండి: “షి పుట్ ద బుక్స్ ఆన్ ద షెల్ఫ్”, “షి లైక్డ్ ద బుక్స్ ఆన్ ద షెల్ఫ్”. పైకి క్రియ తప్ప తేడా లేదు. మొదటిది “అల్మరాలో పెట్టింది”, రెండోది “అల్మరాలో ఉన్న పుస్తకాలు నచ్చాయి”. “షి పుట్ దెమ్ ఆన్ ద షెల్ఫ్” కుదిరింది. “షి పుట్ దెమ్” అని ఆపితే వాక్యం గాల్లో వేలాడుతుంది. “షి లైక్డ్ దెమ్” నిక్షేపంగా నిలబడుతుంది.

కానీ ప్రిపొజిషనల్ ఫ్రేజ్ ఉందా లేదా అని తేల్చడానికి మాత్రం తెలుగును నమ్మకండి. అతుకు ఎక్కడో చెప్పడానికే అది పనికొస్తుంది. బళ్ళో బట్టీపట్టిన విభక్తులకీ ఇంగ్లీషు ప్రిపొజిషన్లకీ జత కుదరదు. “గదిలోకి వచ్చాడు” అంటే “ఎంటర్డ్ ద రూమ్”, ప్రిపొజిషన్ లేదు. “నాకు చెప్పాడు” అంటే “టోల్డ్ మి”. “విజయవాడకి చేరాం” అంటే “రీచ్డ్ విజయవాడ”. “ఆ విషయం గురించి చర్చించారు” అంటే “డిస్కస్డ్ ద మ్యాటర్”. ఈ నాలుగు చోట్లా క్రియ తర్వాత ఉన్నది ఉత్త నౌన్ ఫ్రేజ్. “డిస్కస్డ్ అబౌట్ ద మ్యాటర్”, “రీచ్డ్ టు విజయవాడ” అని మనవాళ్ళు రాసే తప్పులన్నీ మనసులో కి, లోకి, గురించి మోగడం వల్ల వచ్చేవే. “ఆఫ్” సంగతి ఇంకా వేరు. “ద రూఫ్ ఆఫ్ ద హౌస్” తెలుగులో “ఇంటి కప్పు”, విడిగా విభక్తి మాట లేదు, “ఇల్లు” “ఇంటి”గా మారిందంతే. “ఆఫ్” దాదాపు ఎప్పుడూ ముందున్న నౌన్‌కే అతుకుతుంది, దానికి తెలుగు పరీక్ష అక్కర్లేదు. “థింక్ ఆఫ్”, “కంప్లైన్ ఆఫ్” లాంటి క్రియల తర్వాత, “అఫ్రైడ్ ఆఫ్” లాంటి విశేషణాల తర్వాత మాత్రమే జాగ్రత్త.

ఇక ప్రిపొజిషన్ వేషం వేసుకుని వచ్చే మాటలు. మార్కులు పోయేది ఎక్కువగా వీటితోనే.

“టు”. “ఐ వాంట్ టు గో”లో “టు” ప్రిపొజిషన్ కాదు, ఇన్ఫినిటివ్ గుర్తు. పరీక్ష సులువు: “టు” తర్వాతది తీసేసి “ఇట్” పెట్టండి. “ఐ వాంట్ టు ఇట్” కుదరదు. “ఐ లుక్ ఫార్వర్డ్ టు ఇట్” కుదురుతుంది, కాబట్టి అక్కడ “టు” ప్రిపొజిషన్. అందుకే “లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు”, “మీట్” కాదు. “ఐ యామ్ యూస్డ్ టు ఇట్” కుదురుతుంది, “ఐ యూస్డ్ టు ఇట్” కుదరదు. కాబట్టి అలవాటుపడ్డాను అనేటప్పుడు “యూస్డ్ టు వేకింగ్ అర్లీ”, ఒకప్పుడు చేసేవాణ్ణి అనేటప్పుడు “యూస్డ్ టు వేక్ అర్లీ”.

క్రియకు తోకలా అంటుకున్న అప్, ఆఫ్ (“స్విచ్ ఆఫ్”లోది), అవుట్, ఆన్. “షి లుక్డ్ అప్ ద వర్డ్” అంటే డిక్షనరీలో వెతికింది. “షి క్లైంబ్డ్ అప్ ద ట్రీ” అంటే చెట్టెక్కింది. మొదటిదాంట్లో “అప్ ద వర్డ్” ప్రిపొజిషనల్ ఫ్రేజ్ కాదు. ప్రోనౌన్ పెడితే “లుక్డ్ ఇట్ అప్” అవుతుంది, “అప్” వెనక్కి జారిపోయింది. అంటే అది క్రియ సొత్తు. రెండోది “క్లైంబ్డ్ అప్ ఇట్”, “అప్” కదల్లేదు. కాబట్టి “అప్ ద ట్రీ” ప్రిపొజిషనల్ ఫ్రేజే. “స్విచ్ ఆఫ్ ద ఫ్యాన్”, “ఫిల్ ఇన్ ద ఫామ్” కూడా మొదటి రకమే.

బిఫోర్, ఆఫ్టర్, సిన్స్, అంటిల్. వెనక ఉత్త నౌన్ ఉంటే ప్రిపొజిషన్: “ఆఫ్టర్ లంచ్”. వెనక సబ్జెక్ట్, క్రియ రెండూ ఉంటే క్లాజ్: “ఆఫ్టర్ హి లెఫ్ట్”. కొన్ని ఆధునిక వ్యాకరణాలు రెండిట్నీ ప్రిపొజిషన్లే అంటాయి. ఆ వాదనలో బలముంది కానీ, పరీక్ష పేపర్లో అది రాసి మార్కు పోగొట్టుకోవద్దు.

వెనక నౌన్ లేకుండా ఒంటరిగా మిగిలిపోయే ప్రిపొజిషన్లూ ఉంటాయి: “వాట్ ఆర్ యు లుకింగ్ అట్?”, “ద హౌస్ వి లివ్ ఇన్”. వీటి నౌన్ వాక్యం ముందుకు వెళ్ళిపోయింది. అక్కడ “ఇన్” పక్కన పూర్తి ప్రిపొజిషనల్ ఫ్రేజ్ వెతక్కండి. “ఇన్ ఫ్రంట్ ఆఫ్”, “బికాజ్ ఆఫ్”, “ఇన్‌స్టెడ్ ఆఫ్” స్కూలు లెక్కలో ఒకే ప్రిపొజిషన్. “ఇన్ ఫ్రంట్ ఆఫ్ ద టెంపుల్”ని 2 ఫ్రేజులుగా విరగ్గొట్టకండి.

ప్రిపొజిషన్ లేకుండానే అడ్వర్బ్ పని చేసే నౌన్ ఫ్రేజులు కూడా ఉన్నాయి. “హి కేమ్ లాస్ట్ నైట్”, “షి ఫాస్ట్స్ ఎవ్రీ శాటర్‌డే”. “లాస్ట్ నైట్” ఆకారంలో నౌన్ ఫ్రేజ్, పనిలో అడ్వర్బ్. ఇది కనబడగానే ఆబ్జెక్ట్ అని రాసేస్తుంటారు. “రాత్రి” అన్నది “రావడం” అనే క్రియకి కర్మ ఎలా అవుతుంది?

ఇక మీ రెండో ప్రశ్న. ఇంగ్లీషులో ప్రిపొజిషనల్ ఫ్రేజ్ నౌన్‌కి వెనక తగులుతుంది, కాబట్టి తల ముందు ఉంటుంది, తోక క్రియ పక్కకు వస్తుంది. తెలుగులో వర్ణించే మాటలన్నీ ముందొచ్చి, తల చివర, క్రియకి దగ్గరగా ఉంటుంది. “మామిడిపళ్ళ బుట్ట బరువుగా ఉంది” అంటే “ఉంది”కి దగ్గరగా ఉన్న నామవాచకం బుట్ట. ఇంగ్లీషులో అదే “ద బాస్కెట్ ఆఫ్ మ్యాంగోస్ ఈజ్ హెవీ”, క్రియ పక్కన కూర్చున్నది పళ్ళు. తెలుగు చెవి ఆ దగ్గరున్నదాన్నే కర్తగా పట్టుకుని “ఆర్” రాయిస్తుంది. విరుగుడు ఒక్కటే: సబ్జెక్ట్‌లో మొదటి ప్రిపొజిషన్‌కి ముందున్న నౌనే తల, మిగతాదంతా చేత్తో మూసేసి క్రియ చూడండి.

ఆ సూత్రం ఓడిపోయే చోట్లు కొన్నే. “ఎ లాట్ ఆఫ్ స్టూడెంట్స్ ఆర్”, “ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఆర్”లో ముందు మాట ఉత్త కొలత మాత్రమే, క్రియ స్టూడెంట్స్‌తో వెళ్తుంది. “ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఈజ్”లో మాత్రం సంఖ్య గురించే మాట్లాడుతున్నాం, తల “నంబర్”. “ఎ”, “ద” మారితే క్రియ మారిపోతుంది.

మీ వాక్యంలో సబ్జెక్ట్ “వన్ ఆఫ్ ద బాయ్స్ ఫ్రమ్ అవర్ స్కూల్”. మొదటి ప్రిపొజిషన్ “ఆఫ్”, దాని ముందు “వన్”. మిగతాదంతా మూస్తే “వన్ హ్యాజ్ రిసీవ్డ్ ఎ ప్రైజ్”, అందుకే హ్యాజ్. “ఫ్రమ్ అవర్ స్కూల్” అతికింది “బాయ్స్”కి, ఆ ముక్కంతా “ఆఫ్” లోపల ఉంది. అంటే 2 ప్రిపొజిషనల్ ఫ్రేజులు ఒకదాని కడుపులో ఒకటి. నౌన్ ఫ్రేజులు 4: మొత్తం సబ్జెక్ట్, “ద బాయ్స్ ఫ్రమ్ అవర్ స్కూల్”, “అవర్ స్కూల్”, “ఎ ప్రైజ్”.

ఇదే వాక్యాన్ని కొంచెం మెలిపెట్టి ఎర్రర్ స్పాటింగ్‌లో ఇస్తే ఇలా ఉంటుంది: “వన్ ఆఫ్ ద బాయ్స్ హూ హ్యావ్ రిసీవ్డ్ ప్రైజెస్ ఈజ్ ఆబ్సెంట్.” “హూ” పట్టుకున్నది “బాయ్స్”ని, ప్రైజులు వచ్చిన కుర్రాళ్ళు చాలామంది, అందుకే అక్కడ హ్యావ్. రానివాడు మాత్రం ఒక్కడే, అందుకే “ఈజ్”. ఒకే సబ్జెక్ట్‌లో హ్యావ్, దాని బయట ఈజ్ కనబడితే తప్పు అని కంగారుపడి గీత గీయకండి.